ఆరు వేల రూపాయల షరతు

కిందటి భాగాన్ని బొబ్బిలి దగ్గర ఆపాను. 1757 జనవరి 24న కోట పడింది. మూడో రాత్రి విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు తన డేరాలోనే బొబ్బిలి వాళ్ల కత్తులకు బలయ్యాడు. బొబ్బిలి కథ చెప్పేవాళ్లు ఈ ఘట్టానికి ముందు ఫ్రెంచి సేనాని బుస్సీ దివాను హైదర్‌జంగ్‌కు ముట్టిన లంచం సంగతి ఎత్తుతారు. లంచం లేకపోతే ఫ్రెంచి ఫిరంగులు బొబ్బిలి వైపు తిరిగేవి కావని మన ప్రాంతంలో తరతరాల నమ్మకం.

ఈ భాగంలో నేను చెప్పేది చాటుగా చేతులు మారిన సొమ్ము గురించి కాదు. పట్టపగలు కాగితం మీద రాసుకుని, ఉభయులూ ఒప్పుకున్న సొమ్ము గురించి. నా దృష్టిలో మన ప్రాంతానికి ఎక్కువ చేటు చేసింది అదే.

ముందుగా 1753 సంగతి కొంచెం గుర్తు చేసుకోవాలి. హైదరాబాదులో సలాబత్‌జంగ్‌ను గద్దె మీద నిలబెట్టింది ఫ్రెంచి పటాలం. ఆ పటాలానికి జీతాలు సకాలంలో అందడం లేదు. బుస్సీ గట్టిగా పట్టుబట్టి ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్ల ఆదాయాన్ని సైన్యం ఖర్చుకింద రాయించుకున్నాడు. అప్పటి నుంచి నాగావళి ఒడ్డున రైతు కట్టే శిస్తు నేరుగా ఒక విదేశీ సైన్యం జీతాల పద్దులోకి పోయింది. శిస్తు వసూలు చేసేది సైన్యమే, ఖర్చు పెట్టేది సైన్యమే, లెక్క చూసేదీ సైన్యాధిపతి మనుషులే. సేనానికి ఖజానా తాళాలు కూడా అప్పగిస్తే ఏమవుతుందో తర్వాతి అరవై ఏళ్లలో శ్రీకాకుళం, విజయనగరం ప్రజలు చూశారు.

పెద విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివాళ్ల మీద కోపం ఉంది. బుస్సీని పుదుచ్చేరికి పిలిపించుకున్న అదను చూసి 1758లో విశాఖపట్నంలో ఫ్రెంచి జెండా దించేశాడు. ఇంగ్లీషువాళ్లకు కబురు పెట్టాడు. మద్రాసు వాళ్లకు తీరిక లేదు, అటు ఫ్రెంచివాళ్లు ముంచుకొస్తున్నారు. కలకత్తాలో ఉన్న క్లైవ్ మాత్రం ఇందులో లాభం పసిగట్టాడు. కల్నల్ ఫోర్డ్‌ను దాదాపు 500 మంది తెల్ల సైనికులతో, 2,000 మంది సిపాయిలతో ఓడలెక్కించి పంపాడు. అక్టోబరులో వాళ్లు విశాఖపట్నంలో దిగి, కశింకోట దగ్గర విడిది చేసిన రాజు బలగాలతో కలిశారు.

ఆ నవంబరులో కుదిరిన ఒప్పందాన్ని చదివితే సైనిక అధికారుల సొమ్ము వ్యవహారం మన నేల మీద ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. రెండు సైన్యాలు కలిసి నడిచినన్నాళ్లూ ఇంగ్లీషు సైన్యం అదనపు ఖర్చుకు రాజు నెలకు 50,000 రూపాయలు ఇవ్వాలి. అది సైన్యం పద్దు. దాని పక్కనే, అధికారుల సొంత ఖర్చులకు నెలకు మరో 6,000. రాజమహేంద్రవరం రాజు చేతికి రాగానే ఈ మొత్తం చెల్లించాలి. దొరికిన దోపిడి సొమ్ములో చెరి సగం.

తర్వాతి రోజుల్లో మద్రాసు సిపాయి నెల జీతం ఏడు రూపాయలు. ఆ లెక్కన చూస్తే ఆరు వేలంటే ఎనిమిది వందల మందికి పైగా సిపాయిల నెల జీతం. ఈస్టిండియా కంపెనీ తన అధికారులకు జీతం ఇస్తూనే ఉంది, దూరం పోయినందుకు బత్తెం కూడా ఇస్తోంది. అయినా పరాయి రాజు చేతి నుంచి మరికొంత. దీన్ని ఎవరూ లంచం అనలేదు, దాచనూ లేదు. కానీ యుద్ధం ఎంతకాలం సాగితే అన్ని నెలలు ఆ సొమ్ము వచ్చేలా రాసుకున్నారు. యుద్ధం త్వరగా ముగించడం సేనాధికారి ధర్మం. ముగియకపోతే లాభం అతనిది. ధర్మానికీ లాభానికీ మధ్య అలాంటి చీలిక పెట్టే ఏర్పాటులో మనిషి మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్న రెండోది.

ఫోర్డ్ చెడ్డవాడని నేను అనడం లేదు. డిసెంబరులో చందుర్తి దగ్గర కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సైన్యాన్ని తెలివిగా ఓడించాడు. ఆ తర్వాత అసలు చిక్కు వచ్చింది. రాజమహేంద్రవరం చేరాక ఒప్పుకున్న సొమ్ము ఇమ్మంటే రాజు నెలలు జరిపాడు. చివరికి షరతులు మార్చి రాసుకోవలసి వచ్చింది. రాజు ఇచ్చేదంతా అప్పుకింద లెక్క, గోదావరి ఆవల గెలిచే ప్రాంతాల్లో, ఫ్రెంచివాళ్లవి మినహాయించి, శిస్తు చెరి సగం. అంటే ఇంకా గెలవని ఊళ్ల రైతుల శిస్తును తాకట్టు పెట్టి సైన్యం ముందుకు నడిచింది. ఆ ఊళ్లను ఎవరైనా అడిగారా?

మచిలీపట్నం ముట్టడి నాటికి ఫోర్డ్ పెట్టె ఖాళీ. అధికారుల దగ్గరున్నది అప్పు తీసుకున్నాడు, సైనికులకు రావలసిన దోపిడి వాటా కూడా ఖర్చు పెట్టేశాడు. 1759 మార్చిలో తెల్ల సైనికులు ఆయుధాలతో బయటికి వచ్చి, మా వాటా ఇప్పుడే ఇవ్వాలి, మచిలీపట్నం పడితే దొరికే సొమ్మంతా మాకే కావాలి, లేకపోతే వెళ్లిపోతామన్నారు. కంపెనీ నియమం ప్రకారం వాళ్లకు దక్కేది సగమే. మొత్తం ఇప్పించమని కంపెనీని అడుగుతానని మాట ఇచ్చి ఫోర్డ్ వాళ్లను శాంతపరిచాడు. ఏప్రిల్ 8 తెల్లవారేసరికి కోట అతని చేతిలో ఉంది. పైవాళ్లకు ఆరు వేలు రాసుకున్న సైన్యంలో కిందివాళ్లు తమ వాటా అడిగారు. అడిగిన తీరు తప్పే. అయితే వాళ్లకు ఆ దారి చూపించింది పైవాళ్లే.

గెలిపించిన ఆనంద గజపతిరాజుకు దక్కింది దాదాపు ఏమీ లేదు. సలాబత్‌జంగ్ మచిలీపట్నం, చుట్టుపక్కల జిల్లాలను ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు. రాజు విసుగెత్తి ముందే వెనక్కి మళ్లాడు, కొన్నాళ్లకే చనిపోయాడు.

ఫోర్డ్ సంగతి ముగించి ముందుకు పోతాను. పదేళ్ల తర్వాత, 1769లో, ఇండియాలో పెరిగిపోయిన అక్రమాలను విచారించి చక్కదిద్దమని కంపెనీ ముగ్గురు పర్యవేక్షకులను పంపింది. వాళ్లలో ఫోర్డ్ ఒకడు. కేప్ ఆఫ్ గుడ్‌హోప్ దాటాక వాళ్లెక్కిన ఓడ ఏమైపోయిందో తెలియలేదు. అంతకు మూడేళ్ల ముందు బెంగాలులో జరిగిందొకటి మన కథకు ముఖ్యం. 1766లో క్లైవ్ అధికారుల రెట్టింపు బత్తెం రద్దు చేస్తే, వాళ్లంతా కూడబలుక్కుని మూకుమ్మడిగా రాజీనామాకు దిగారు. వెనక నుండి నడిపించింది ఒక బ్రిగేడు అధిపతి, సర్ రాబర్ట్ ఫ్లెచర్. సైనిక న్యాయస్థానం అతన్ని కొలువు నుంచి తీసేసింది. కొన్నేళ్లు తిరగకుండానే కంపెనీ అతన్ని మళ్లీ కొలువులోకి తీసుకుని మద్రాసు సైన్యానికి సర్వసేనాధిపతిని చేసింది. శ్రీకాకుళం నుంచి తిరునల్వేలి దాకా ప్రతి పటాలం అతని కింద. తిరుగుబాటు చేసి పట్టుబడ్డ సేనాధికారి పదవిలో పైకి వచ్చాడంటే కింద ఉన్న లెఫ్టినెంట్లు ఏం నేర్చుకుంటారో వేరే చెప్పనక్కరలేదు.

వాళ్లు నేర్చుకున్నది 1776 ఆగస్టు 24న బయటపడింది. తంజావూరు రాబడి మీద తనకు హక్కుందన్న పాల్ బెన్‌ఫీల్డ్ అనే వ్యాపారి దావాను మద్రాసు గవర్నరు పిగట్ ఒప్పుకోలేదు. ఆర్కాటు నవాబుకు వడ్డీలకు అప్పులిచ్చిన కౌన్సిలు సభ్యులు ఎదురుతిరిగారు. ఫ్లెచర్ వాళ్ల పక్షం. అతను జబ్బుపడి ఉండగా కల్నల్ జేమ్స్ స్టువర్ట్ సొంత గవర్నరునే దారికాచి పట్టుకుని బంధించాడు. పిగట్ మరుసటి ఏడాది మేలో నిర్బంధంలోనే చనిపోయాడు. స్టువర్ట్ మీద విచారణ జరిగి, నిర్దోషిగా విడుదలయ్యాడు.

ఈ మురికి కడగడానికి వచ్చిన కొత్త గవర్నరు సర్ టామస్ రంబోల్డ్. ఇతనూ ఒకప్పటి సైనికుడే, ప్లాసీలో క్లైవ్ పక్కన ఉండి గాయపడ్డవాడు. 1778 ఫిబ్రవరిలో మద్రాసు చేరాడు.

అప్పటికి విజయనగరంలో గద్దె మీద ఉన్నది ఆనంద గజపతిరాజుకు దత్తుడైన చిన విజయరామరాజు. పెత్తనం మాత్రం అన్న సీతారామరాజుది. సంస్థానం బలం వేల మంది సాయుధులు, పలుకుబడి కొండల దాకా. సర్కార్లలో భూముల స్థితి, శిస్తు, జమీందార్ల సైన్యాలు ఎంతెంతో ఊరూరా తిరిగి విచారించమని లండనులోని డైరెక్టర్లు 1775లో ఒక సర్క్యూట్ కమిటీని వేయమన్నారు. రైతుకు ఏ కొంచెమైనా మేలు జరిగే అవకాశం ఉంటే అది ఆ కమిటీ వల్లే. రంబోల్డ్ వచ్చీ రాగానే దాన్ని ఆపేశాడు. విచారణ మనమెందుకు వెళ్లి చేయాలి, జమీందార్లనే మద్రాసుకు రమ్మందాం అన్నాడు. పరివారంతో, పల్లకీలతో, వందల మైళ్లు. దారి ఖర్చులకు అప్పులు, ఆ అప్పులకు వడ్డీలు, చివరికి ఆ భారమంతా శిస్తు రూపంలో పొలం మీద పడేదే. చిన విజయరామరాజు రాలేనని మొరపెట్టుకున్నాడు, వినలేదు.

సీతారామరాజు ముందే వెళ్లాడు. దివాన్‌గిరీ అతనికే దక్కింది, తమ్ముడి ఇష్టానికి విరుద్ధంగా. గవర్నరు ఆంతరంగిక కార్యదర్శి రెడ్‌హెడ్ అనే అతనికి సీతారామరాజు లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు జరిగిందని తర్వాత బయటపడింది. డైరెక్టర్లు 1781లో రంబోల్డ్‌ను పదవి నుంచి తీసేశారు. పార్లమెంటులో అతని మీద శిక్షా బిల్లు పెట్టారు. నెలల తరబడి సాగదీసి 1783లో వదిలేశారు. అతను పార్లమెంటు సభ్యుడిగా దర్జాగా కొనసాగి 1791లో పోయాడు. విజయనగరం మాత్రం ఆ గాయం నుంచి కోలుకోలేదు. అన్నదమ్ముల తగవు, కంపెనీకి కట్టవలసిన పేష్కస్ (కప్పం) బకాయిలు పేరుకుపోవడం కలిసి 1794 జులై 10న పద్మనాభం దగ్గర చిన విజయరామరాజును బలి తీసుకున్నాయి. బకాయిల గురించి కంపెనీ రాతల్లో పేజీలకు పేజీలు దొరుకుతాయి. ఆ బకాయిలు పెరగడంలో తన గవర్నర్ల పాత్ర ఎంతో కంపెనీ ఒక్కసారైనా లెక్క వేసిందా? నాకైతే కనిపించలేదు.

ఇక 1809. ఈ భాగం రాయడానికి నన్ను కూర్చోబెట్టింది ఈ ఘట్టమే.

పద్మనాభం తర్వాత విజయనగరం కంపెనీ పటాలాల ఊరైంది. కంటోన్మెంట్ అనే పేటపేరు ఇప్పటికీ ఆ సంగతి చెబుతుంది. పటాలాన్ని నడిపే దొరకు జీతం కాక రకరకాల రాబళ్లు ఉండేవి. కంటోన్మెంట్ బజారులో సారా మీద వసూలయ్యే సుంకం ఒకటి, అది కొంతకాలానికి ఆపారు. అన్నింటికన్నా పెద్దది డేరాల గుత్త. 1802లో వచ్చిన ఏర్పాటు ప్రకారం పటాలానికి కావలసిన డేరాలు, వాటిని మోసే ఎడ్లు, మనుషులు అన్నీ కమాండింగ్ ఆఫీసరే చూసుకోవాలి. అందుకు సర్కారు నెలనెలా ఒకే మొత్తం ఇస్తుంది, యుద్ధమున్నా లేకున్నా. పటాలం కదలకుండా కంటోన్మెంట్‌లో ఉంటే ఎడ్లతో పనేముంది? మేపే ఖర్చు లేదు, కొనే ఖర్చు లేదు, నెల సొమ్ము మాత్రం వస్తుంది. దండు కదిలే రోజున డేరాలు చిరిగి ఉంటే, ఎడ్లు బక్కచిక్కి ఉంటే, వానలో తడిసేది సిపాయి.

క్వార్టర్‌మాస్టర్ జనరల్ జాన్ మన్రో ఈ లెక్కలన్నీ తిరగేసి నివేదిక ఇచ్చాడు. (రాయలసీమ వాళ్లు తలచుకునే టామస్ మన్రో వేరు. ఈయన తర్వాత తిరువాన్కూరుకు దివాను అయ్యాడు.) ఈ గుత్త సేనాధికారి ప్రయోజనాన్ని అతని విధికి ఎదురుగా నిలబెడుతోందని మన్రో స్పష్టంగా రాశాడు. యాభై ఏళ్ల కిందట కశింకోటలో రాసుకున్న ఆరు వేల షరతులో ఉన్న రోగాన్ని మొదటిసారి ఒక సైనికుడే పేరు పెట్టి చెప్పాడు. గవర్నరు సర్ జార్జ్ బార్లో 1808లో గుత్త రద్దు చేశాడు.

అధికారులు భగ్గుమన్నారు. గుత్త పోయిందని అనలేదు, మా పరువు పోయిందన్నారు. నివేదికలో మమ్మల్ని దొంగలన్నాడు కాబట్టి మన్రోను సైనిక న్యాయస్థానం ముందు నిలబెట్టాలన్నారు. సర్వసేనాధిపతి హే మెక్‌డోవల్ వాళ్ల వైపు నిలిచాడు. అతనికీ ఒక కడుపుమంట ఉంది. ముందరి సేనాధిపతులకు కౌన్సిలులో కుర్చీ, దానికి జీతం ఉండేవి, అతనికి ఇవ్వలేదు. 1809 జనవరిలో మన్రోను నిర్బంధించాడు. బార్లో విడిపించాడు. మెక్‌డోవల్ ఓడెక్కేముందు మన్రోను తీవ్రంగా మందలిస్తూ సైన్యానికంతటికీ ఒక ఉత్తర్వు వదిలి వెళ్లాడు. లెక్క సరిగా చూసినవాడికి మందలింపు! ఆ సేనాధిపతి ఓడ కూడా సముద్రంలోనే పోయింది.

వేసవికల్లా మంట తెలుగునేలంతా పాకింది. మచిలీపట్నంలో తెల్లవాళ్ల రెజిమెంటు ఉంది. మే నెలలో ఒక విందులో మొదలైన మాటల తగవు ముదిరింది. రెజిమెంటులో కొందరిని ఓడల మీద పనికి పంపమని ఉత్తర్వు రాగానే, మమ్మల్ని చీల్చడానికే ఇదంతా అని జూన్ 25న అధికారులు తమ కమాండర్ కల్నల్ ఇన్నెస్‌నే బంధించి కోటను చేతిలోకి తీసుకున్నారు. 1759లో ఫోర్డ్ గెలిచిన ఆ మచిలీపట్నమే. సర్కారు తరఫున జాన్ మాల్కమ్ వచ్చి బుజ్జగించి చూశాడు. సికింద్రాబాదు అధికారులు గుత్త పునరుద్ధరణ సహా తమ కోరికల చిట్టా సర్కారుకు పంపారు. జులై చివర బార్లో ప్రతి అధికారి ముందూ విధేయతా పత్రం పెట్టి, సంతకం పెడతావా, పటాలం వదిలిపోతావా అని అడిగించాడు. చాలామంది పెట్టలేదు.

బార్లో చేసిన తెలివైన పని ఇంకొకటి ఉంది. సుబేదార్లకు, సిపాయిలకు నేరుగా కబురు పంపాడు. ఈ తగాదా మీది కాదు, మీ జీతానికి, మీ హక్కులకు ఢోకా లేదు అని. అధికారులు బెదిరించడానికి ఎంత వాడుకోవాలనుకున్నా తెలుగు, తమిళ సిపాయిల్లో చాలామంది ఈ పోరును తమది అనుకోలేదు. అయినా చివరికి చచ్చింది వాళ్లే. చిత్రదుర్గం నుంచి శ్రీరంగపట్నం తిరుగుబాటు అధికారులకు తోడుగా నడిపించిన రెండు పటాలాల మీద ఆగస్టు 11న సర్కారు వైపు గుర్రపు దళాలు, మైసూరు రౌతులు పడ్డారు. ఎందుకు నడుస్తున్నామో సరిగా తెలియని సిపాయిలు అక్కడ నేలకొరిగారు. అదే సమయంలో సికింద్రాబాదు అధికారులు దిగివచ్చి సంతకాలు పెట్టారు. మచిలీపట్నం కూడా లొంగింది.

గవర్నర్ జనరల్ మింటో సెప్టెంబరులో మద్రాసు వచ్చి తీర్పు ఇచ్చాడు. కొద్దిమంది మీద మాత్రమే చర్య, మిగతా వందల మందికి క్షమాభిక్ష. శ్రీరంగపట్నం కల్నల్ బెల్, మచిలీపట్నం మేజర్ స్టోరీ వంటివాళ్లు కొలువు పోగొట్టుకున్నారు. ఉరి పడినవాడు ఒక్కడూ లేడు. తీసేసినవాళ్లలో చాలామందిని తర్వాత మళ్లీ చేర్చుకున్నారు. బార్లోను మాత్రం 1812లో వెనక్కి పిలిపించారు.

దీని పక్కన ఇంకో లెక్క పెట్టాలి. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో సిపాయిలు హైదరాలీ మీద యుద్ధానికి ఓడెక్కమంటే నిరాకరించి అధికారుల మీద కాల్పులు జరిపారు. దొరికిన నాయకుణ్ణి ఫిరంగి నోటికి కట్టి పేల్చేశారు. 1806 జులైలో వేలూరులో తలపాగా ఉత్తర్వు మీద తిరగబడ్డ సిపాయిలను పట్టుకున్న రోజే గోడకు నిలబెట్టి కాల్చారు, విచారణ తర్వాత మరికొందరిని ఫిరంగులకు కట్టారు. మూడేళ్ల తర్వాత అదే మద్రాసు సైన్యంలో ఒక కోటను ఆక్రమించి, కమాండరును బంధించి, సర్కారుకు షరతులు పెట్టిన అధికారులు ప్రాణాలతో బయటపడ్డారు. వేలూరులో సిపాయిలు నేరం చేయలేదని నేను అనను, రక్తం పారింది. కానీ తిరుగుబాటుకు శిక్ష ఏమిటో ఆ సైన్యం నిర్ణయించింది నేరాన్ని బట్టి కాదు, నేరస్థుడి హోదాను బట్టి. కశింకోట నుంచి మచిలీపట్నం దాకా ఈ యాభై ఏళ్లలో శ్రీకాకుళం, విజయనగరం శిస్తుతో నిలబడ్డ ఆ సంస్థ కుళ్లింది పైనుంచే. ఒక నిజాయితీపరుడు ఆ సంగతి కాగితం మీద పెట్టగానే సంస్థ తిరగబడింది అతని మీద.

పాఠకులకు ఒక విన్నపం. ఫోర్డ్, ఫ్లెచర్, ఇన్నెస్, బెల్ పేర్లు దొరికినట్టుగా, వాళ్ల కింద నడిచిన మన సిపాయిల పేర్లు దొరకవు. శ్రీకాకుళం, విజయనగరం, పాలకొండ, బొబ్బిలి ప్రాంతాల్లో పాత పటాలం మనుషుల కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. మీ ఇంట్లో సుబేదారు తాత పేరున్న ఇనాము పట్టా, పింఛను కాగితం, పాత పతకం ఏదున్నా పారేయకండి, పాత సామానులో కలిపి అమ్మకండి. అందులో ఉన్న పేరు, పటాలం నెంబరు, సంవత్సరం రాసి పత్రికకు పంపండి. వచ్చే భాగాల్లో ఆ పేర్లతోనే వాళ్ల కథ రాస్తాను.